సగానికి అడిగిన సొరంగాలు

ఫోన్‌లో ఆడే ఆ యుద్ధం ఆటలో ఎన్నిసార్లు ఓడానో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. దానికి వస్తాను.

పొద్దున నేనూ, నాతో ఆ ఆట ఆడే స్నేహితుడూ ఒకే రైలు. నేను ఊరుగాంలో ఎక్కి, కిటికీ దగ్గర ఎదురెదురు సీట్లు రెండు పట్టి, ఒకదాంట్లో కూర్చుని రెండోదాని మీద సంచీ పెట్టేవాణ్ణి. తరువాతి స్టేషన్ కోరమండల్‌లో అతను ఎక్కేవాడు. అతని తాత, తండ్రి బంగారు గనిలో దిగినవాళ్ళు. గని మూతపడి ఇన్నేళ్ళయినా గని కూలీలకు వరసగా కట్టిన ఆ లైన్ ఇంట్లోనే, రేకుల కప్పు కిందే కాపురం. మాలూరులో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద మిషన్ నడిపేవాడు. నేను బెంగళూరు దాకా పోయి, ఒక టైల్స్ షోరూంలో నిలబడి, కొత్త ఇంటికి నేల వేయించుకునే వాళ్ళతో సాయంత్రం దాకా బేరమాడతాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్‌లో నాన్నది పాత్రల అంగడి. అంగడి వెనక గదిలో పుట్టి, ముందు గదిలో మాటలు నేర్చుకున్నాను. నేను మొదట పలికిన మాట 'అమ్మ' కాదు, 'కుదరదు' అని నాన్న ఇప్పటికీ గిరాకీలకు చెబుతుంటాడు. అబద్ధమే కావచ్చు. కానీ అంగట్లో బాగా అమ్ముడుపోయే అబద్ధం.

ఆట సంగతి. అందులో రెండు సైన్యాలు. ఖాకీ సైన్యానికి ట్యాంకులు, దూరం కొట్టే ఫిరంగులు. బూడిదరంగు సైన్యానికి కాలిబంట్లు, చిన్న మోర్టార్లు, నేల కింద తవ్వుకుంటూ వచ్చే సొరంగం దళం. మధ్యలో ఒక ఏరు, దాని మీద రెండు వంతెనలు, ఏటికి ఇవతల ఒక గుట్ట. గుట్ట ఎవరి చేతిలో ఎక్కువసేపు ఉంటే వాళ్ళదే గెలుపు. నేను ఎప్పుడూ ఖాకీ. పెద్ద సరుకు కనబడితే చెయ్యి అటే పోతుంది నాకు. అతను ఎప్పుడూ బూడిద.

మాలూరుకు ముందు త్యాకల్ దగ్గర బండరాళ్ళ మధ్య సిగ్నల్ పోతుంది కాబట్టి నెట్ నమ్ముకోకుండా రెండు ఫోన్లూ కలుపుకుని ఆడేవాళ్ళం. అట్లా ఆడితే ఇంకో సౌకర్యం ఉంది. ఎవరికి ఏ దళాలు ఉండాలో, ఎన్ని ఉండాలో ఆటకు ముందే మనమే పెట్టుకోవచ్చు. ఇంక చూడండి, నాలాంటివాడికి పండగ. కోరమండల్ నుంచి బంగారపేట దాకా బేరం. బంగారపేట నుంచి మాలూరు దాకా యుద్ధం.

"ఈ పొద్దు నీకు మూడే సొరంగం దళాలు."

"ఐదప్పా."

"ఐదా? ఐదైతే నేను ఆడేదే లేదు, పేపర్ చదువుకుంటా. ఆ మోర్టార్లు కూడా తీసెయ్."

"ఏమప్పా సావుకారూ, నన్ను ఉత్త చేతుల్తో రమ్మంటావా యుద్ధానికి?"

"నీవి ఉత్త చేతులైనా భయమే నాకు."

"సరే, నాలుగు పెట్టుకుంటా. నువ్వొక ఫిరంగిని ఇంట్లో పెట్టి రా."

"ఫిరంగిని వదిలేదా? నేను పోతా ఉండా."

అని లేచి, సంచీ భుజాన వేసుకుని రెండడుగులు నడిచేవాణ్ణి. అంగట్లో గిరాకీలు చేసే పనే. కొననట్టు మెట్టు దిగాలి, వెనక నుంచి పిలుపు వచ్చేదాకా వెనక్కి చూడకూడదు. పక్క సీట్లవాళ్ళు నవ్వేవాళ్ళు. నా వీపు మీద అతని నవ్వు కూడా వినబడేది.

"రాప్పా రా, మూడే. కూర్చో. ఫిరంగి కూడా నువ్వే ఉంచుకో."

అట్లా ప్రతి రోజూ బేరం గెలిచి, ప్రతి రోజూ యుద్ధం ఓడేవాణ్ణి.

అతను ఎట్లా గెలిచేవాడో నాకు అర్థం కావడానికి ఏడాది పైనే పట్టింది. ఆ ఆటలో నేల కింద తవ్వుతున్న చప్పుడు నిలబడి ఉన్న కాలిబంట్లకు మాత్రమే వినబడుతుంది. నేల మీద చిన్న గుండ్రని గుర్తు మెరుస్తుంది. నడుస్తున్న వాళ్ళకు వినబడదు. ట్యాంకుకు నిలబడ్డా వినబడదు. అది తెలిసి నేను ఫిరంగుల చుట్టూ కాలిబంట్లను కాపలా నిలబెట్టేవాణ్ణి. అతను పైవంతెన మీదికి పనికిమాలిన బంట్లను నలుగుర్ని పంపేవాడు, పొగబాంబులు వేసుకుంటూ, ఊరేగింపు వచ్చినట్టు. నేను కాపలావాళ్ళను అటు పరిగెత్తించేవాణ్ణి. పరిగెత్తగానే వాళ్ళు చెవిటివాళ్ళు. ఆ కాస్త వ్యవధిలో కింది వంతెన పక్క నుంచి సొరంగం వచ్చేసేది. అదీ ఒక్క పొడుగు సొరంగం కాదు. రెండు పొట్టివి. మొదటిది ఏటిగట్టు దగ్గర పైకి తేలి, కాసేపు గడ్డిలో పడుకుని, రెండోది మొదలుపెట్టేది. పొడుగుదైతే ఎవరో ఒకరు వింటారు. పొట్టిది వినేలోపు అయిపోతుంది. నా ఫిరంగుల వెనక నేల పగిలి నలుగురు పైకి వచ్చేసరికి నేను ఇంకా వంతెన మీద పొగను కాలుస్తూ ఉండేవాణ్ణి.

"ఎట్లా తెలుస్తాదప్పా నీకు, నేను ఎప్పుడు కదుల్తానో?" అని ఒకరోజు అడిగాను.

"నువ్వు కళ్ళతో ఆడతావు. గని లోపల పనిచేసేటప్పుడు కళ్ళకంటే చెవే కాపాడతాదని మా నాయన చెప్పేవాడు. కప్పు కూలేముందు రాయి మాట్లాడతాదంట. నీ బంట్లు యాడ నిలబడినారో చూస్తే, వాళ్ళకి ఏం వినబడతా ఉండాదో నాకు తెలుస్తాది."

దీనికి నేను మెచ్చుకోవాలి. మెచ్చుకోలేదు. మా అంగట్లో పెరిగినవాడు కావలసిన సరుకును మెచ్చుకోడు, మెచ్చుకుంటే ధర పెరుగుతుంది. ముందు వంక పెట్టాలి. బిందెకు సొట్ట ఉందనాలి, అడుగు పలచన అనాలి. తరువాత సగానికి అడగాలి. ఎదుటివాడు నెత్తి కొట్టుకుంటాడు, కాస్త దిగుతాడు, మనం కాస్త ఎక్కుతాం, ఎక్కడో కలుస్తాం. సగానికే ఇస్తారని ఎవరూ అడగరు. నాకు తెలిసిన లోకంలో అడిగేది వేరు, కావలసింది వేరు.

ఓటమి నాకు అలవాటు కాలేదు. అతను నాకంటే బాగా ఆడుతున్నాడని ఒప్పుకోవడం కంటే సరుకులోనే లోపం ఉందనుకోవడం సులువు. ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఒక పేజీ నడిపేవాళ్ళు. ఏ సైన్యం బలం ఎక్కువైంది, ఏది తక్కువైంది అని ఆడేవాళ్ళు అందులో రాయొచ్చు. నచ్చినవాళ్ళు ఓటు వేస్తారు. ఒక మధ్యాహ్నం షోరూంలో గిరాకీ లేనప్పుడు, టైల్స్ పెట్టె మీద కూర్చుని, మారుపేరుతో రాశాను. సొరంగం దళం వల్ల ఆట పాడైపోయిందని మొదలుపెట్టాను. వంక అన్నమాట. తరువాత మూడు కోరికలు. తవ్వే వేగం సగం చేయాలి. దళంలో నలుగురికి బదులు ఇద్దరే ఉండాలి. పైకి వచ్చాక మూడు సెకన్లు కాల్చలేకుండా చేయాలి.

నిజంగా నాకు కావలసింది వేగంలో కొంచెం తగ్గింపు. చిటికెడు. త్యాకల్ దాకా గుట్ట నిలబెట్టుకోగలిగేంత. మిగిలినదంతా వాళ్ళు బేరమాడి కోసేయడానికి వేసిన ఎగస్ట్రా.

లోకంలో ఓడిపోయినవాళ్ళకు కొరత లేదు. ఓట్లు పడ్డాయి. నా జన్మలో నేను రాసినది ఏదీ అంతమంది చదవలేదు. రోజుకు నాలుగుసార్లు తీసి చూసుకునేవాణ్ణి, ఎదురు సీట్లో అతను ఉండగానే, ఫోన్ కాస్త వంచి.

తరువాత ఒక సోమవారం అతను కోరమండల్‌లో ఎక్కి, బేరం మొదలుపెట్టకుండా నా పక్కకు జరిగి కూర్చున్నాడు.

"ఒక విషయం చెప్తా. ఎవరికీ చెప్పొద్దు."

"చెప్పప్పా."

"ఈ ఆటవాళ్ళు బెంగళూరులో పోటీ పెడతా ఉండారు. మొదటి నలుగుర్ని పనికి తీసుకుంటారంట. పర్మినెంటు. కొత్త దళాలు చేసినప్పుడు ఆడి చూసి, యాడ ఏ పక్షానికి బరువెక్కువైందో చెప్పే పని."

"నీకు కాకపోతే ఎవరికిస్తారు?"

"ఫ్యాక్టరీలో ఈ తూరి కాంట్రాక్టు పొడిగించరని సూపర్‌వైజర్ చెప్పేసినాడు. నాకూ ముప్పై నాలుగు నిండినాయి. ఇంగ యాడికి పోయినా పిల్లోళ్ళనే తీసుకుంటారు. ఇది ఒకటే ఉండాది నా చేతిలో." కిటికీ వైపు చూశాడు. "ఇంట్లో చెప్పలేదు. గెలిస్తే చెప్తా. నీకొక్కడికే చెప్పినా."

ఆ పేజీలో రాసినది వెనక్కి తీసుకోవచ్చు. ఒక్క బటన్. ఆ రోజు షోరూంలో భోజనాల వేళ దాని మీద వేలు పెట్టాను కూడా. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఇప్పుడు అందంగా చెప్పగలను. వాళ్ళు ఎట్లాగూ చిటికెడే తగ్గిస్తారు, చిటికెడు తగ్గినా ఇతను గెలుస్తాడు అని. అది నిజమే, నమ్మాను. కానీ అంతకంటే నిజం ఇంకొకటి ఉంది. అడిగిన ధరను ఎదుటివాడు నోరు తెరవకముందే వెనక్కి తీసుకున్నవాణ్ణి మార్కెట్‌లో అందరూ చేతగానివాడంటారు. ఎవరికీ తెలియని పేరుతో, మార్కెట్‌లో ఎవరూ చూడని పేజీలో, నేను చేతగానివాణ్ణి కాకుండా నిలబడ్డాను.

పోటీకి పదకొండు రోజులుందనగా ఆటలో మార్పులు వచ్చాయి. పొద్దున ఊరుగాం ప్లాట్‌ఫారం మీదే చదివాను. వేగం సగం. దళానికి ఇద్దరు. మూడు సెకన్లు. నేను అడిగిన మూడూ, అడిగిన వరుసలో, గింజ కూడా తగ్గకుండా. నేను బేరం మొదలుపెట్టాననుకున్నాను. వాళ్ళు సరుకు పొట్లం కట్టి చేతిలో పెట్టేశారు.

కోరమండల్‌లో అతను ఎక్కాడు. ఫోన్ చేతిలోనే ఉంది.

"చూసినావా?"

"చూసినా," అన్నాను. "ఏం మనుషులప్పా వీళ్ళు."

అతను నా ముఖంలోకి కాసేపు చూసి, కూర్చున్నాడు. "ఈ పొద్దు నుంచి బేరం వద్దు. పోటీలో ఎట్లుంటాదో అట్లే ఆడదాం. నువ్వు ఖాకీ, నేను బూడిద, పూర్తి సైన్యాలు."

"నువ్వు కూడా ఖాకీకి మారిపో. నేర్పిస్తా."

"నాకు ట్యాంకు రాదప్పా. పదకొండు దినాల్లో రాదు."

ఆ వారం నేను మొట్టమొదటిసారి అతని మీద గెలిచాను. రైలు త్యాకల్ బండల మధ్య నుంచి పోతోంది. గుట్ట మీద నా జెండా, ఫిరంగుల వెనక అతని ఇద్దరు మనుషులు పైకి తేలి, కాల్చలేక బొమ్మల్లా నిలబడ్డారు. నా కాలిబంట్లు తీరిగ్గా తిరిగి కాల్చారు. చెప్పకూడదుగానీ, ఆ క్షణం నా ఒళ్ళంతా సంతోషం. అతని ఉద్యోగం గుర్తుకొచ్చింది, రెండు క్షణాలు ఆలస్యంగా. మిగిలిన రోజుల్లోనూ నేనే గెలిచాను. ఒకసారి, రెండుసార్లు అతను ఏదో కొత్త దారి వెతికాడు. మోర్టార్లను ముందుకు తెచ్చాడు, వంతెన కూల్చి చూశాడు. బాగానే ఉండేది. కానీ ఆ సైన్యం మొత్తం సొరంగం మీద ఆనుకుని కట్టింది. అది తీసేస్తే మిగిలేది చిల్లర సామాను.

రోజూ మాలూరులో దిగేముందు అతను సీట్లోంచి లేచి, వెంటనే పోకుండా, పైకడ్డీ పట్టుకుని కాసేపు నిలబడేవాడు. ఏదైనా మరిచిపోయాడేమో అనుకున్నాను. "ఏమప్పా?" అంటే, "ఏం లేదు, వస్తా" అని దిగిపోయేవాడు.

పోటీ ఆదివారం. చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, చర్చికి పోకుండా. నేనూ తోడు పోయాను. పెళ్ళిళ్ళు చేసే హాలులాంటి చోట బల్లలు వేసి, గోడ మీద పెద్ద తెర పెట్టారు. మొదటి ఆటలో ఎదుటివాడు తొందరపాటు మనిషి, వాడంతట వాడే పడిపోయాడు. రెండో ఆటలో ఒక కాలేజీ అమ్మాయి, ఖాకీ సైన్యం. నేను వెనక వరసలో నిలబడి తెర మీద చూశాను. అతను ఏ తప్పూ చేయలేదు. పైవంతెన మీదికి పొగ పంపాడు. ఆ అమ్మాయి అచ్చం నాలాగే కాపలావాళ్ళను అటు పరిగెత్తించింది. కింద సొరంగం మొదలైంది. అన్నీ సరిగ్గా, ఎప్పటిలాగే. కానీ సగం దూరం తవ్వేసరికి కాపలావాళ్ళు వెనక్కి వచ్చి నిలబడ్డారు. నేల మీద గుండ్రని గుర్తు మెరిసింది. ఆ అమ్మాయి చూసింది. మనుషులు పైకి వచ్చేచోట ట్యాంకును తెచ్చి పెట్టి, ఊరికే ఆగింది. ఆ ఆటతో అతను పోటీలో లేడు.

మధ్యాహ్నం తిరుగు రైల్లో చోటు బాగానే దొరికింది. టీ కొనిచ్చాను. రైలు వైట్‌ఫీల్డ్ దాటింది.

"ఆ పేజీలో రాసింది నువ్వే కదా," అన్నాడు.

అప్పుడు కూడా బేరమే వచ్చింది నా నోటికి. "చానామంది రాసినారప్పా అందులో. ఓట్లు వేసినోళ్ళు ఎంతమంది..."

"పేరు నీది కాదులే. ముందు వంక పెట్టి, ఆమీద సగం అడిగేది ఎవరు? నాలుగేండ్లు నీ ఎదురుగా కూర్చున్నా."

"కొంచెం తగ్గిస్తే చాలనుకున్నా. సగం అంటే నిజంగా సగమని కాదు. వాళ్ళు తిరిగి ఏదో ఒకటి అంటారు, మధ్యలో యాడో ఒకచోట..."

"వాళ్ళు అంగడోళ్ళు కాదప్పా."

టీ చల్లారిపోయింది. "నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాను.

"మార్పుల లిస్టు చూసిన దినమే."

"మరి పదకొండు దినాలు నాతో ఆడినావు. ఒక మాట అడగలేదే?"

"నువ్వే చెప్తావని చూసినా," అన్నాడు. కోపం లేదు గొంతులో. అదే ఉంటే నాకు ఏదో ఒకటి చేయడానికి వీలుండేది. "దినామూ మాలూరు వచ్చేదాకా చూసినా."

ఇంటికి పోయి నాన్నకు చెప్పాను, నా భాగం కాస్త తగ్గించే. నాన్న బిందె తుడుస్తూ విన్నాడు. "ఒక్క మాటకే ఒప్పుకునేటోని దగ్గర నేను యాపొద్దూ కొనలేదురా," అన్నాడు. "అట్లాంటోడు ఎదురైతే అంగడి దిగి వచ్చేస్తా. నీకెందుకు తెలీలేదు?" నాన్నకు ఇందులో బాధపెట్టింది నేను బేరంలో చేసిన తప్పు మాత్రమే. నా స్నేహితుడి గురించి అడగలేదు. నాకు ఆ గుణం ఎక్కడ నుంచి వచ్చిందో వేరే వెతుక్కోనక్కరలేదు.

నెల తిరిగేసరికి అతని కాంట్రాక్టు అయిపోయింది. ఇప్పుడు మాలూరు బయట ఒక ఇటుక బట్టీలో లారీలకు లోడు ఎత్తుతున్నాడు. అదే రైలు, అదే పెట్టె. నేను సంచీ పెట్టి సీటు పట్టేవాణ్ణి, అతను కూర్చునేవాడు. వానల గురించి, రైలు ఆలస్యం గురించి మాట్లాడుకునేవాళ్ళం. మనం కొనబోమని తెలిసిన అంగడివాడు మనతో మాట్లాడే మాటలు.

మొన్న ఆ ఆటవాళ్ళు మళ్ళీ మార్పులు చేశారు. సొరంగం దళం మరీ చచ్చుబడిపోయిందని గోల పెట్టారట జనం. దళంలో మళ్ళీ నలుగుర్ని పెట్టారు. ఆ మూడు సెకన్లు తీసేశారు. వేగం వెనక్కి ఇచ్చారు, మొత్తం కాదు, చిటికెడు తక్కువగా. నాకు మొదట కావలసింది అంతే. అంతకు అంతే.

మరుసటి రోజు కోరమండల్‌లో అతను ఎక్కగానే ఫోన్ చూపించాను. "ఆడదామా?"

చదివాడు. చేతులు ఇటుక రంగుకు తిరిగాయి, వేళ్ళ సందుల్లో ఆ ఎరుపు కడిగినా పోయేది కాదు. తన ఫోన్ తీసి, నాదానికి కలిపాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. పాత అలవాటు నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది.

"నీకు మూడే దళాలు."

సరే అన్నట్టు తల ఊపి, వేలితో ఏదో మార్చి, ఫోన్ నా వైపు తిప్పాడు. సొరంగం దళాలు సున్నా. మోర్టార్లు సున్నా. నా వైపు అన్ని ట్యాంకులూ, అన్ని ఫిరంగులూ.

"ఇదేందప్పా! మూడు అన్నా కదా."

"వద్దులే. నీకేం కావాల్నో అంతా తీసుకో."

"బేరమాడు. ఐదు అను."

"ఏముండాది ఆడేదానికి? నువ్వు ఎంతంటే అంత."

ఏం చేయాలో తోచక, నాకు తెలిసిన ఒకే పని చేశాను. లేచి, సంచీ భుజాన వేసుకున్నాను. "అట్లయితే నేను పోతా ఉండా," అని రెండడుగులు నడిచాను. వెనక్కి చూడలేదు. రైలు బంగారపేటలో ఆగింది. జనం తోసుకుంటూ ఎక్కారు, ఎవరో పెద్దావిడ బుట్టతో సహా నా సీట్లో కూర్చుంది. మాలూరు వచ్చేదాకా వెనక నుంచి పిలుపు కోసం దారిలో నిలబడే ఉన్నాను. అతను అవతలి తలుపు నుంచి దిగిపోయాడు.